నేనెవరో చెప్పు చూద్దాం

మా చుట్టాలందరికీ, మా వీధి వాళ్లకీ, ఆఖరికి తోపుడు బండి మీద కూరగాయలమ్మే ఆమెకు కూడా వచ్చిన ఆట ఒకటుంది. ఎదురుగా వచ్చి నిలబడతారు. నా చెయ్యి పట్టుకుంటారు. గొంతు కాస్త మార్చి, "నేనెవరో చెప్పు చూద్దాం" అంటారు. చెప్పగలిగితే "అబ్బ, ఎట్ల కనిపెట్టినావే" అని మురిసిపోతారు. చెప్పలేకపోతే నొచ్చుకుంటారు. "అంతేలే, మేమెందుకు గుర్తుంటాము" అని మూతి ముడుచుకుంటారు. ముడుచుకున్న మూతి నాకు కనపడదు గాని, మాటలో తెలిసిపోతుంది. పెళ్లిళ్లలో అయితే వరసపెట్టి వస్తారు. మా మేనత్త కోడలైతే నేను ఆకు ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాక వెనక నుంచి వచ్చి రెండు కళ్లూ మూసింది. నా కళ్లు మూసి ఏం లాభమని అడగాలనిపించింది. నోట్లో పప్పన్నం ఉండి ఊరుకున్నాను.

ఫోను చేస్తే ఎవరైనా ముందు తమ పేరు చెబుతారు కదా. ఎదురుగా వచ్చినప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఎవరికి ఏం అడ్డమో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

నాకు చూపు పుట్టుకతో పోలేదు. పలమనేరులో చిన్నపిల్లగా ఉన్నప్పుడు రేచీకటితో మొదలైంది. దీపాలు పెట్టే వేళకు గోడ తడుముకుంటూ నడిచేదాన్ని. తర్వాత చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చి, నలభై దాటాక మిగిలింది కూడా పోయింది. ఏ కంటి డాక్టరు దగ్గరికి పోయినా మొదటి ప్రశ్న, "మేనరికమా అమ్మా?" అని. అవును, మా అమ్మ సొంత మేనమామను చేసుకుంది. ఆ మాట చెప్పగానే డాక్టరు ఇంకేమీ అడగడు. నా కళ్ల సంగతి అక్కడితో తేలిపోయినట్టు ఒక నిట్టూర్పు విడుస్తాడు.

రేణిగుంట దాటాక ఒక పల్లెలో హైస్కూలు ఉంది. అక్కడ తెలుగు చెబుతాను. పాఠాలు నాకు నోటికి వచ్చు. పిల్లలు పైకి చదువుతారు, నేను తప్పులు పట్టుకుంటాను. ఒత్తు మింగితే ఎవరు మింగారో, ఏ బెంచీలో మింగారో తెలుస్తుంది. పేపర్లు దిద్దడానికి తోటి టీచరమ్మ చదివి వినిపిస్తుంది, ఆమె తరగతికి వ్యాకరణం నేను చెబుతాను. బడిలో ఎవరికీ నాతో ఇబ్బంది లేదు. చిక్కంతా తిరుపతిలో మా ఇంటి గడప నుంచి బస్టాపు వరకూ ఉన్న దారితోనే.

ఆ దారిలో కాలవ తవ్వి, మూత వెయ్యకుండా వదిలేశారు. ఒకరోజు పొద్దున నేను అందులో పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది, తెల్ల కర్ర విరిగింది. అదే వారంలో మా వీధి పాలాయన సైకిలుతో సహా అదే కాలవలో పడ్డాడు. ఆయనకు రెండు కళ్లూ బాగున్నాయి. ఆయన్ని ఎవరూ పాలు పొయ్యడం మానుకోమనలేదు. నన్ను మాత్రం మా ఆయన ఉద్యోగం మానుకోమన్నాడు.

మా ఆయనకు బజారులో స్టీలు పాత్రల అంగడి. నేను పడ్డ మర్నాటి నుంచి తనే స్కూటరు మీద బడి దాకా దించి, అంత దూరమూ వెనక్కి వచ్చి, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు షట్టరెత్తేవాడు. అప్పటికి పక్కంగడి వాళ్లకు బోణీ అయిపోయి ఉండేది. ఆ కోపమంతా స్కూటరు మీదే చూపించేవాడు, దారిలోని ప్రతి గుంటలోనూ దించి మరీ తోలేవాడు. మాట్లాడేటప్పుడు తాళాల గుత్తి వేళ్ల మధ్య తిప్పుతూ ఉండటం ఆయన అలవాటు. ఆ గలగల వింటే నాకు ఆయన ముఖం కనిపించినట్టే ఉంటుంది.

"చాల్లే చేసింది," అన్నాడు ఎండాకాలం సెలవులు ఇచ్చిన రోజు. "పింఛను వస్తాది. ఇంట్లో సుకంగా కూర్సో."

"నాకు ఇంట్లో సుఖం లేదండీ," అన్నాను.

గుత్తి గలగలమంది. "సరే. బడి తెరిసే లోపల నీ అంతట నువ్వు బస్టాపు దాకా పోయి సూపియ్యి. సూపిస్తే నేను నోరెత్తను. లేదంటే రిటైర్మెంటు కాయితం పెట్టేసెయ్."

తాను చూడటానికి నన్ను నడిచి చూపించమన్నాడు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను నడిచి చూపించమనలేదు. అయినా ఒప్పుకున్నాను. వేరే దారేముంది?

ఇక్కడ పరిశోధన వాళ్ల సంగతి చెప్పాలి. ఊళ్లో ఇన్ని ఇంజనీరింగు కాలేజీలున్నాయి. అన్నింటిలోనూ ఆఖరి సంవత్సరం పిల్లలు ఏదో ఒకటి తయారుచేసి చూపించాలి. అందరికీ గుర్తొచ్చేది గుడ్డివాళ్ల కర్రే. ముందు ఏదైనా అడ్డం వస్తే కీక్ మనే కర్ర. ఏటా ఒక జట్టు వస్తుంది, కర్ర నా చేతికిస్తుంది, ఫోటో తీసుకుంటుంది. ఒక జట్టు తెచ్చిన కర్ర మాట్లాడేది కూడా. "ముందు ఆటంకము కలదు" అనేది. బజారులోకి తీసుకుపోయాను. తిరుపతి బజారులో మనిషి ముందు ఇంకో మనిషి లేని చోటు ఎక్కడుంది? అడుగు తీసి అడుగు వెయ్యనివ్వకుండా "ఆటంకము కలదు, ఆటంకము కలదు" అని అది అరుస్తుంటే, ముందున్న యాత్రికులు ఏదో స్తోత్రమనుకుని దారి ఇచ్చారు. నాకు కావలసింది వచ్చిన బస్సు ఏ ఊరిదో చెప్పేది అని ఆ పిల్లలకు చెప్పాను. "అది మా సిలబస్‌లో లేదు మేడం" అన్నారు.

అందుకే ఆ ఎండాకాలంలో ఒక అమ్మాయి ఫోను చేసి, పీహెచ్‌డీ చేస్తున్నాను, చూపు లేనివాళ్ల నడక మీద, మీతో మాట్లాడాలి అన్నప్పుడు, కర్ర తెచ్చేట్టయితే రావద్దన్నాను. ఆమె కర్ర తేలేదు. సత్యవేడు పక్క పిల్ల, మాటలో అరవం కొంచెం తగులుతుంది. గుమ్మంలోకి వస్తూనే తన పేరు చెప్పింది. అంతకుముందు ఎవరూ చెయ్యని పని అది. నాతో పాటు బస్టాపు దాకా నడిచి, నేను ఎక్కడ తడబడుతున్నానో చూసింది. తర్వాత కొన్నాళ్లకు ఆమె కాలేజీ ప్రాజెక్టు కింద కాలవకు మూత వేయించి, మా వీధి మొదలు పార్కు గోడ వెంబడి మెయిన్ రోడ్డు దాకా పసుపుపచ్చ బిళ్లల బాట పరిచారు.

రైల్వే ప్లాట్‌ఫారం మీద మీరూ చూసే ఉంటారు. పొడుగు గీతలు ఉబ్బెత్తుగా ఉన్న బిళ్లలుంటే నడవమని అర్థం. గుండ్రటి చుక్కలుంటే ఆగమని. ముందు మలుపో, రోడ్డో ఉంది. కర్ర కొసకు తెలుస్తుంది, చెప్పు అడుగున తెలుస్తుంది. ఎవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదు. మొదటిసారి ఆ గీతల మీద నడిచిన సాయంత్రం నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు మా అమ్మ గడప ముందు వేసిన ముగ్గు తొక్కకుండా చుక్కల మధ్య గెంతేదాన్ని. ఇప్పుడు చుక్కలూ గీతలూ తొక్కమనే వేశారు.

ఆ సంబరం ఒక్క సాయంత్రమే. మర్నాడు పొద్దున కర్ర పట్టుకుని గీతల మీద పోతుంటే ఎదురుగా జనం. ఒకరి వెనక ఒకరుగా వస్తున్నారు. ఎవరి కాళ్లకూ చెప్పుల చప్పుడు లేదు.

"చెప్పులు ఇడిసి రామ్మా," అన్నాడు ముందున్న పెద్దమనిషి. "ఇది ఆరోగ్యం బాట."

"ఏం బాట?"

"అరికాళ్లు ఒత్తుకునే బాటమ్మా. ఈ బుడిపెలు నరాల్ని నొక్కుతాయి. షుగరు దిగిపోతాది. చెప్పులేసుకోని నడిస్తే ఏం పలితం?"

పార్కులో పొద్దున నడిచే సంఘం వాళ్లు. బిళ్లలు పరిచీ పరచకముందే అవి తమ షుగరు కోసం వేసినవని తీర్మానం చేసేసుకున్నారు. షుగరున్నవాళ్లు వట్టి కాళ్లతో నడవకూడదని ప్రతి డాక్టరూ మొత్తుకుంటాడు. వీళ్లకు ఆ మాట చెవికెక్కదు, కొండెక్కినంత భక్తిగా చెప్పులు ఒక పక్కన వరసగా విడిచి నడుస్తున్నారు.

"ఇది చూపు లేనివాళ్ల కోసం వేశారు," అన్నాను.

వెనకెవరో అన్నాడు, "సూపు లేనోళ్లకి దీంట్లో ఏం కనపడతాదమ్మా?"



ముందున్న పెద్దమనిషి ఆ సంఘానికి అధ్యక్షుడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనాడు. బండ్లు తనిఖీ చేసి, డ్రైవింగు లైసెన్సులు ఇచ్చే ఉద్యోగం. చిత్తూరు జిల్లాలో సగం మంది డ్రైవర్లు తన చేతి మీదుగానే స్టీరింగు పట్టారని చెప్పుకునేవాడు. అందరూ ఇన్‌స్పెక్టర్ సార్ అంటారు. ఆయనతో నేను చాలాసేపు వాదించాను. గీత అంటే ఏమిటో, చుక్క అంటే ఏమిటో చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నాడు. గీతలు ఎక్కడ ఆగుతాయి, చుక్కలు ఎన్నిచోట్ల వస్తాయి అని మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నాడు. ఆఖరికి, "అంతా బాగుండాది గాని, చెప్పులు మాత్రం ఇడిసే రావల్ల" అన్నాడు. నేను విడవలేదు. ఆయన తగ్గలేదు. రోజూ పొద్దున ఇదే భాగోతం.

బడి తెరవడానికి వారం ముందు మా ఆయన పరీక్ష పెట్టాడు. తను ఇంట్లోనే ఉంటానన్నాడు. నేను వీధి మలుపు తిరిగేసరికి వెనక గలగల. జేబులో చెయ్యి పెట్టి గుత్తి గట్టిగా పట్టుకున్నా అది ఆగదు. విననట్టే నడిచాను. మలుపు దగ్గర చుక్కలు తగిలాయి, ఆగాను, తిరిగాను. పార్కు గోడ వెంబడి గీతలు సాఫీగా సాగాయి. ఇంకొంచెం పోతే రోడ్డు, బస్సుల హారన్లు వినపడుతున్నాయి. గెలిచాననుకున్నాను.

కర్ర ముందుకు పోయింది. నేను కూడా పోయాను. ఏదో రాతి అంచు మోకాలి కింద ఎముకకు కొట్టుకుంది, నేను దాని మీద బోర్లా పడ్డాను. గ్రానైటు బల్ల. నిన్నటి దాకా లేదు. సరిగ్గా చుక్కల బిళ్లల మీద, బాట కొసన వేశారు. నా కర్ర దాని కాళ్ల మధ్య నుంచి ఏ అడ్డూ తగలకుండా దూరిపోయింది. మా ఆయన పరిగెత్తుకొచ్చి నన్ను లేపాడు. పాదం మీదకు రక్తం కారుతోంది.

"ఎవరు వేశారిక్కడ దీన్ని?" అన్నాను.

"నేనే ఏపించినానమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ సార్, బల్ల అవతలి కొస నుంచి. "మా అమ్మ పేరు మీద. నడిసినోళ్లు కూర్సుంటారని."

"ఇది ఆగే చోటు సార్. కూర్చునే చోటు కాదు. దీన్ని తీయించండి."

"తీసేది లేదు," అన్నాడు. అంత మొండిగా ఎందుకన్నాడో అప్పుడు తెలియలేదు. చచ్చిపోయిన వాళ్లమ్మను కూడా నాలుగు మాటలు అనబోయి ఆపుకున్నాను.

మా ఆయన అరవలేదు. దానికే నాకు భయం వేసింది. అరిచే మనిషి నెమ్మదిగా, "సూసినాం గదా. ఇంక కాయితం పెట్టేద్దాం" అన్నాడు.

అప్పుడు ఇన్‌స్పెక్టర్ సార్ గొంతు సవరించుకుని, "తప్పు నాదప్పా," అన్నాడు. "ఆమె ఉజ్జోగం పోగొట్టొద్దు. దినామూ పొద్దన్నే నేనెట్లాగూ ఈడికి వస్తా. టీచరమ్మని నేను బస్టాపు దాకా దిగబెడతా. నువ్వు నిమ్మళంగా అంగడి తీసుకో."

మా ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేను ఇన్నేళ్లు కర్రతో నేర్చుకున్న నడక ఆయనకు చాలలేదు, ఒక బల్ల వేసి నన్ను పడేసిన మగమనిషి మాట చాలింది. అంత ఒళ్లు మండినా ఒప్పుకున్నాను. బడి కావాలి నాకు.

జూన్‌లో బడి తెరిచారు. రోజూ ఆయన వీధి మొదట్లో నా కోసం నిలబడేవాడు. "వచ్చినావా తల్లీ" అనేవాడు. ఆయన ముందు వట్టి కాళ్లతో, నేను వెనక కర్రతో. బల్ల దగ్గర, "బల్ల, జాగర్త" అనేవాడు. నడిచేటప్పుడు ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఇంటికి పోతే మా ఆయన మాత్రం ఆపేవాడు కాదు. "ఆ సారు దేవుడు. ఆయన లేకపోతే నీ గతేమి?" అనేవాడు. నేను అన్నం వడ్డించి ఊరుకునేదాన్ని.

ఒకరోజు బస్సు వచ్చి ఆగింది. వాన పడుతోంది, రోడ్డంతా రొద. కండక్టరు అరుపు వినపడలేదు.

"రేణిగుంట బస్సేనా సార్?" అన్నాను.

"అదేనమ్మా. ఎక్కు, ఎక్కు," అన్నాడు.

ఎక్కాను. కాసేపటికి బస్సు తిరగరాని చోట కుడిపక్కకు తిరిగింది. "ఇది రేణిగుంటకి పోదు మేడం, తిరుచానూరు పోతాది," అన్నాడు కండక్టరు. "ముందర బోర్డు ఇంత ఇంత అక్షరాల్తో రాసుండాదే."

ఆ బస్సులో కిటికీ పక్కన తడిసి కూర్చుని మొదట ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. తర్వాత తిట్టు ఆగిపోయింది. ఇంత ఇంత అక్షరాలు. సార్‌ని ఎవరు పలకరించినా ఆయన ముందు వాళ్ల చేత నాలుగు మాటలు మాట్లాడించి, అప్పుడు పేరు పెట్టి పిలుస్తాడు. బల్ల మీద కూర్చునే ముందు వెనక్కి రెండడుగులు వేసి, పిక్క దానికి తగిలాక కూర్చుంటాడు. ఆ చప్పుడు నాకు తెలుసు. మా ఆయన మాట్లాడకుండా నిలబడితే, "ఎవరప్పా ఆడ?" అన్నాడు ఒకసారి. ఇవన్నీ నేను చూపు పోతున్న రోజుల్లో చేసినవే. ఒక్కటి కూడా మారలేదు. వాటిని కనిపెట్టడానికి నాకు ఇన్నాళ్లు పట్టిందని నా మీద నాకే విసుగేసింది.

మర్నాడు వీధి మొదట్లోనే అడిగేశాను. "మీకు చూపు ఎన్నాళ్లుగా లేదు సార్?"

 ఆయన గొంతు బాగా తగ్గించాడు. "షుగరు కళ్లకి పట్టింది తల్లీ. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఇంకోదాంట్లో పొగ కమ్మినట్టుంటాది. ఇంట్లో కూడా సరిగ్గా తెలీదు."

"మరి ఈ చెప్పుల గోలంతా?"

"చెప్పులేసుకుంటే నాకు గీత తెలీదు. నేనొక్కణ్నే ఇడిస్తే ఏంటికని అడగరా? అందుకే ఆరోగ్యమని చెప్పి అందరి చేతా ఇడిపించినా."

"బల్ల?"

"బల్ల తగిలితే బాట అయిపోయిందని తెలుస్తాది. అది లేని దినం ఒకసారి రోడ్డు మీదకి పోయినా. లారీ ఇంత పక్కన పోయింది."

నా కాలికి రక్తం కార్పించిన బల్ల ఆయన ప్రాణం కాపాడుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిట్టడం మాత్రం తెలుసు కాబట్టి తిట్టాను. కర్ర పట్టుకోవడం నేర్చుకోమన్నాను. కర్ర ఉంటే చెప్పులేసుకుని కూడా గీత తెలుస్తుందన్నాను. నేర్పే చోటు ఉంది, నేను తీసుకుపోతానన్నాను. రోడ్డు మీదకు పోయి చావడం కంటే కర్ర పట్టుకోవడం నామోషీనా అన్నాను.

"నేను జనాన్ని దూరంగా నిలబెట్టి నంబరు ప్లేటు సదవమన్నోణ్ని," అన్నాడు. "సదవలేకుంటే లైసెన్సు లేదు పో అన్నోణ్ని. ఈ పొద్దు నేనే కర్ర పట్టుకుంటే ఊరు నవ్వదా?"

"నవ్వితే నవ్వనివ్వండి. నన్ను చూసి నవ్వడం లేదా?"

"నిన్ను సూసి నవ్వరు తల్లీ. అయ్యో అంటారు. అదింకా కష్టం."

 ఎవరికీ చెప్పొద్దని అడిగాడు. సరేనన్నాను. ఆ రోజు నుంచి నేను ముందు, ఆయన వెనక. బస్సు ఏదో కండక్టరుని నేనే అరిచి అడిగేదాన్ని. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "ఆ సారు నీకు కళ్లు మాదిరి" అంటే చెంచా గిన్నెలో గట్టిగా పెట్టేదాన్ని. ఒక్క మాట చెబితే ఆయన నోరు మూతపడుతుంది. ఇన్నాళ్లూ నన్ను నమ్మనివాడు ఎవర్ని నమ్మాడో తెలుస్తుంది. చెప్పడానికి నాలుక దురద పెట్టేది. కానీ ఆ మాట నాది కాదు, సార్‌ది.

దసరా సెలవుల్లో పరిశోధన అమ్మాయి ఫోను చేసింది. గొంతులో ఉత్సాహం లేదు. వాళ్ల కాలేజీలో పెద్దసారు బాట సంగతి తేల్చమన్నారట. చూపు తక్కువైన వాళ్లు నిజంగా వాడుతుంటే ఉంచుతారు, ఇంకా పొడిగిస్తారు. లేదంటే బిళ్లలు పీకి చిత్తూరులో ఇంకో చోట వేస్తారు. ఆదివారం పొద్దున వచ్చి అందర్నీ అడుగుతానంది.

ఆదివారం పార్కు గేటు దగ్గర సంఘమంతా చేరింది. మా ఆయన కూడా వచ్చాడు, పక్కనే గలగలలాడుతున్నాడు. ఆరోగ్యం బాట తీస్తే ఊరుకోమని ఒకరు, ఆ బాట వల్ల తనకు మోకాళ్ల నొప్పి తగ్గిందని ఇంకొకరు అందుకున్నారు. ఆ అమ్మాయి ఓపిగ్గా విన్నది.

"ఆరోగ్యం కోసం వేసింది కాదు సార్," అన్నది. "చూపు తక్కువ ఉన్నవాళ్లు ఎంతమంది వాడుతున్నారో నేను రాసుకోవాలి. టీచర్ గారు ఒక్కరే కదా?"

కాగితం తిరగేసిన చప్పుడైంది.

"ఒక్కరి కోసం ఉంచడం కష్టమంటున్నారు మేడం," అన్నది నాతో, మెల్లగా.

బాట పోతే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్లీ స్కూటరు, మళ్లీ గుంటలు, ఆ పైన కాగితం. ఇన్‌స్పెక్టర్ సార్ నా కుడిపక్కనే ఉన్నాడు. ఆయన ఊపిరి వినపడుతోంది. పళ్లు బిగించి నిలబడ్డాను. అడగకూడదు. అడిగితే అది నేను లాక్కున్నట్టవుతుంది. అంత కోపం, అంత జాలి ఒకేసారి ఒకే మనిషి మీద నాకు ఎప్పుడూ రాలేదు.

ఆ అమ్మాయి పెన్ను మూత పెట్టిన చప్పుడు వినపడింది.

"ఇద్దరని రాసుకోమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ సార్.

"రెండోవారు ఎవరు సార్?"

"నేనే."

మా ఆయన చేతిలో గుత్తి ఆగిపోయింది.  ఎవరితోనో తెలియకుండా, "అయితే ఇన్నాళ్లూ ఎవరు ఎవర్ని దిగబెట్టినారు?" అన్నాడు.   ఎంతసేపు పట్టినా ఆ లెక్క తనే తేల్చుకోనీ అనుకున్నాను.

ఆ అమ్మాయి పెన్ను మూత తీసి రాసుకుంటోంది. ఇంతలో సంఘంలోని ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. రోజూ ఇన్‌స్పెక్టర్ సార్ వెనకే నడిచే మనిషి, ఆయనకు బాగా కావలసినవాడు. వట్టి కాళ్లతో గడ్డి మీద నుంచి వచ్చి ఎదురుగా నిలబడి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నట్టున్నాడు. గొంతు కొంచెం మార్చి అన్నాడు.

"సార్, నేనెవరో చెప్పండి సూద్దాం."

ఇన్‌స్పెక్టర్ సార్ నా పక్కకు తిరిగాడు.

"దినామూ ఇదేనా తల్లీ?" అన్నాడు.

"దినామూ ఇదే సార్," అన్నాను.